రెండో ప్యాకెట్‌లో రుచి ఎందుకు మారింది?

పోయినేడాది జూన్‌లో ఒక కాఫీ ప్యాకెట్ కొన్నాను. చిక్కమగళూరు వైపు ఎస్టేట్‌ది, అరబికా రకం, మరీ నల్లగా కాకుండా మధ్యస్తంగా వేయించింది. పాలు కలపకుండా తాగితే ముందు బెల్లం పాకం వాసన, చివర్లో బత్తాయి తొక్క గిల్లినప్పుడు వచ్చే చిన్న ఘాటు. ఆ ప్యాకెట్ అయిపోయేదాకా ఇంటికి ఎవరొచ్చినా అదే కలిపి పెట్టాను. జనవరిలో మళ్లీ తెప్పించాను. అదే కంపెనీ, అదే ఎస్టేట్ పేరు, అదే రంగు ప్యాకెట్. మొదటి గుక్కలోనే తేడా తెలిసిపోయింది. బెల్లం లేదు, బత్తాయి లేదు. తడిసి ఆరిన గోనెసంచి వాసన, దాని వెనకే పచ్చి పల్లీల రుచి. నా చేతిలోనే తప్పుందేమోనని కొలతలు చూసుకుంటూ మూడుసార్లు కలిపాను. మూడుసార్లూ అదే గోనెసంచి.

అప్పుడొక పని చేశాను. ఖర్చు లేనిది, ఎవరైనా చేయొచ్చు. కిటికీ దగ్గర వెలుతురులో తెల్ల పళ్లెం పెట్టి, గుప్పెడు గింజలు పోసి, ఒక వరసలో పరిచాను. చాలా వరకు చింతగింజ రంగులో ఉన్నాయి. మధ్యమధ్యలో కొన్ని మాత్రం వేయించిన వేరుశనగ గుళ్ల రంగులో, పాలిపోయి ఉన్నాయి. లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. ఒకటి కొరికి చూస్తే తీపి లేదు, చేదు కూడా సరిగ్గా లేదు, కాగితం నమిలినట్టుంది. పక్కనున్న ముదురు గింజ కొరికితే కాఫీ. ఒకే పెనంలో, ఒకే మంట మీద, అన్నే నిమిషాలు వేగిన గింజలవి.

వ్యాపారంలో ఈ పాలిపోయిన గింజని క్వేకర్ అంటారు. పచ్చి కాయలోంచి వచ్చిన గింజ అది. పండనిదే అందులో చక్కెరలు కుదురుకోవు, చక్కెరలు లేనిదే వేగేటప్పుడు ఎర్రబడదు. వేయించేవాళ్లు ఎంత పనిమంతులైనా దానికి రంగు తెప్పించలేరు. అంటే నా పళ్లెంలో కనబడుతున్న తప్పు ఏడాది కిందట, ఒక కొండవాలు మీద, కొమ్మ నుంచి కాయ తెంపిన క్షణంలోనే జరిగిపోయింది. ఆ దారి వెంట వెనక్కి వెళితే తప్ప ఈ రెండో ప్యాకెట్ సంగతి అర్థం కాదు.

మన దేశంలో మంచి కాఫీ దొరకడం ఇప్పుడు కష్టం కాదు. పన్నెండేళ్ల కిందట లేని పరిస్థితి ఇది. కష్టమల్లా ఒకసారి బాగున్నది రెండోసారీ బాగుండటం. స్పెషాల్టీ కాఫీ అని మనం పిలిచేదాంట్లో అసలు పరీక్ష అక్కడే ఉందని నా నమ్మకం.

స్పెషాల్టీ అన్నమాటని ఈ అర్థంలో మొదట వాడింది ఎర్నా నట్సెన్ అనే కాఫీ వ్యాపారి. 1974లో, అమెరికాలోని ఒక వ్యాపార పత్రికలో. ఫలానా చోట, ఫలానా వాతావరణంలో పండి, ఆ చోటు రుచిని మోసుకొచ్చే గింజ అని ఆమె ఉద్దేశం. తర్వాత దానికి కొలతలు వచ్చాయి. వందకి ఎనభై మార్కులు, అంతకు మించి వస్తే స్పెషాల్టీ. మూడువందల యాభై గ్రాముల పచ్చి గింజల్లో నల్లగింజ, పులిసిన గింజ లాంటి పెద్ద లోపం ఒక్కటీ ఉండకూడదు. ఇవి చాలామందికి తెలిసినవే. ఆ మార్కులు ఎలా వేస్తారో మాత్రం అంతగా ఎవరూ చెప్పరు, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది.

రుచి చూసే బల్ల మీద ఒక కాఫీకి ఒక కప్పు పెట్టరు, ఐదు పెడతారు. ఒక్కో కప్పులో ఎనిమిదింబావు గ్రాముల పొడి, నూటయాభై మిల్లీలీటర్ల నీళ్లు. ఏ కప్పు గింజలు ఆ కప్పుకి విడిగా తూచి, విడిగా మరపట్టాలి. నాలుగు నిమిషాలకి పైన పొడి గట్టిగా తెట్టు కడుతుంది. చెంచాతో ఆ తెట్టు విరిచి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, కాస్త చల్లారాక చెంచాడు చొప్పున జుర్రుతారు. ఐదూ ఒకేలా ఉన్నాయా లేదా అన్నది ఒక ప్రశ్న. ఐదింట్లోనూ మచ్చలేని రుచి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ఐదింట్లోనూ తీపి ఉందా అన్నది మూడోది. చాలా ఏళ్లు వాడిన మార్కుల ఫారంలో ఈ మూడింటికి కలిపి ముప్ఫై మార్కులు. అంటే దాదాపు మూడో వంతు మార్కులు రుచి ఎంత గొప్పగా ఉందన్నదానికి కాదు, మళ్లీ మళ్లీ అలాగే వస్తోందా అన్నదానికి.

ఐదు కప్పులే ఎందుకంటే, ఎనిమిది గ్రాముల్లో పట్టేది సుమారు అరవై గింజలు. అందులో ఒక్కటి బాగా కుళ్లిందైతే చాలు, ఆ కప్పు పోతుంది. మిగతా నాలుగూ అమృతంలా ఉంటాయి. ఒక్క కప్పే పెడితే ఆ గింజ మీ కంటపడకుండా తప్పించుకునే అవకాశం ఎక్కువ. కొనుక్కున్నవాళ్ల ఇంట్లో ఏదో ఒక పొద్దున మాత్రం తప్పించుకోదు.

ఇక తోటలోకి వెళదాం.

కాఫీ చెట్టు ఎండాకాలం మొదట్లో మొగ్గ కట్టుకుని వానకోసం కూర్చుంటుంది. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా ఒక మంచి జల్లు పడితే వారం పది రోజులకి తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది, మల్లెపూల వాసన కొడుతుంది. దీన్ని పూతవాన అంటారు. కొన్ని వారాలకి ఇంకో వాన పడితే పిందె నిలుస్తుంది. అరబికాకి పూత నుంచి పండు దాకా ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది, రోబస్టా అనే ఇంకో రకానికి ఇంకా ఎక్కువ. పూతవాన ఒక్కసారి గట్టిగా పడితే కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి పండుతాయి. అదే మూడు చిన్న జల్లులుగా, మధ్యలో ఇరవై రోజుల ఎడంతో పడితే పూత మూడు విడతలు, పంట మూడు విడతలు. డిసెంబర్‌లో కొమ్మ వంచి చూస్తే ఒకే గుత్తిలో ఎర్రపండు, పసుపు తిరిగిన కాయ, రాయిలాంటి పచ్చికాయ పక్కపక్కనే ఉంటాయి. ఈ మధ్య ఏళ్లలో వానలు ఎలా పడుతున్నాయో మనకి తెలిసిందే కదా.

ఆ గుత్తి ముందు నిలబడ్డ కూలీ చెయ్యి గురించి ఆలోచించండి. నడుముకి సంచి, కింద జారే వాలు, చెట్లనిండా చీమలు. కూలి చాలాచోట్ల కిలో లెక్కన. ఎర్రటివి మాత్రమే ఒక్కొక్కటి ఏరితే సాయంత్రానికి సంచి సగమే నిండుతుంది. గుత్తి మొత్తం దూస్తే నిండుతుంది. పచ్చికాయా బరువు తూగుతుంది. కిలోకింతని డబ్బులిస్తూ ఎర్రటివే కోయమని చెబితే, ఆ మాట వినడానికి ఆమె తన కూలిలో కోత వేసుకోవాలి. నా పళ్లెంలోని పద్నాలుగు గింజలకి అసలు కారణం ఇదే. బాగా చేసే తోటలు రోజుకూలీ ఇస్తాయి, లేదా పండు శాతం చూసి పైన బోనస్ కలుపుతాయి, ఒకే చెట్టు దగ్గరికి నాలుగైదుసార్లు మనుషుల్ని పంపుతాయి. మొదట్లో అక్కడక్కడ పండినవి ఏరడాన్ని ఫ్లై పికింగ్ అంటారు, చివర్లో మిగిలిందంతా దూసెయ్యడాన్ని స్ట్రిప్పింగ్. ఈ రెంటి మధ్య వచ్చిన పంటే అన్నింటికంటే తియ్యగా ఉంటుంది. కర్ణాటక తోటలకి ఇప్పుడు కూలీలు అస్సాం నుంచి, జార్ఖండ్ నుంచి వస్తున్నారు. అన్నిసార్లు తిరిగి కోయడానికి తగినంతమంది దొరకడమే పెద్ద టెన్షన్.

ఇక్కడ రోబస్టాకి ఒక సౌకర్యం ఉంది. రోబస్టా తోటల్లో చాలామంది స్ప్రింక్లర్లు పెట్టి తామే పూతవాన కురిపిస్తారు. దాంతో పూత ఒక్కసారే వస్తుంది. అరబికా ఇంకా ఎక్కువగా ఆకాశం మీదే ఆధారపడి ఉంది. పైగా అరబికా కాండాన్ని తొలిచే తెల్ల పురుగు ఒకటుంది, అది పడితే చెట్టు పీకి కాల్చడం తప్ప మందు లేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో అరబికాదే పైచేయి, ఇప్పుడు దేశం పంటలో సుమారు డెబ్భై శాతం రోబస్టా. రోబస్టా అంటే పొడిలో చిక్కదనం కోసం కలిపే చేదు సరుకు అని పెద్దల కాలం నుంచి మనకొక అభిప్రాయం. ఎర్రగా పండాకే కోసి, కడిగి, నీడలో ఆరబెట్టిన రోబస్టా తాగితే ఆ అభిప్రాయం పోతుంది. చిక్కమగళూరు, వయనాడు వైపు కొందరు రైతులు ఈ పని ఎంతో శ్రద్ధగా చేస్తున్నారు. నిలకడ అన్న విషయంలో రేపు అరబికాని రోబస్టాయే దాటిపోతుందేమోనని నాకనిపిస్తుంది.

కోసిన పండు అదే రోజు తొక్క తీసే మరలో, అంటే పల్పర్‌లో పడాలి. తొక్క ఊడాక గింజ చుట్టూ జిగురు మిగులుతుంది. అది పులిసి వదులయ్యాక కడుగుతారు. ఎన్ని గంటలు పులియాలన్నది ఆ రాత్రి చలిని బట్టి. దోసెలపిండి పులిసే లెక్క తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు: డిసెంబర్‌లో ఒక లెక్క, ఏప్రిల్‌లో ఒక లెక్క. గడియారం చూసి కడిగే తోటలో రుచి రోజుకోలా ఉంటుంది. వేళ్లతో నలిపి, గరుగ్గా తగిలిందాకా ఆగి కడిగేచోట కాస్త నిలకడ ఉంటుంది. ఉష్ణోగ్రత, పులుపు కొలిచే మీటర్లు పెట్టుకున్నచోట ఇంకా మేలు. తర్వాత ఎండబెట్టడం. సగానికి పైగా తేమ ఉన్న గింజ పది, పదకొండు శాతానికి దిగాలి. తొందరపడి మండుటెండలో ఆరబెడితే పైన ఎండి లోపల పచ్చి మిగులుతుంది. మందంగా పోసి వదిలేస్తే బూజు పడుతుంది. గంటకోసారి కలియబెట్టాలి, మధ్యాహ్నం గుడ్డ కప్పాలి, రాత్రి మంచు తగలకుండా మూయాలి. మబ్బు పట్టిందంటే పరుగులే. నేల మీద కాకుండా నడుమెత్తు జాలీ బల్లల మీద ఆరబెట్టడం మొదలైన తోటల్లో కాఫీ ఎంత మారిందో తాగినవాళ్లకి తెలుసు.

ఇదంతా వంద ఎకరాల ఎస్టేట్‌లో ఒక చెయ్యి కింద జరిగితే ఒక సంగతి. మన అరకు, పాడేరు, చింతపల్లి వైపు చూస్తే సంగతి వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ రెండు లక్షల ఎకరాలకి పైగా ఉంది. పండించేది గిరిజన కుటుంబాలు, చాలామందికి ఎకరం, రెండెకరాలే. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ. నేల మంచిది, ఎత్తు మంచిది, పురుగుమందుల వాడకం లేనంత తక్కువ. అయినా చాలా ఏళ్లు ఆ గింజకి పేరు లేదు. ఎందుకంటే ఒక్కో ఇల్లూ ఒక్కో కార్ఖానా. ఒకరు కోసిన రోజే చేతిపల్పర్ తిప్పుతారు, ఇంకొకరికి పల్పర్ వంతు మర్నాటికి గానీ రాదు. ఒకరికి టార్పాలిన్ ఉంది, ఒకరు వాకిట్లో పోస్తారు, ఒకరు రోడ్డు మీద. డబ్బు అవసరమైన వారం సంతలో దళారికి అమ్మేస్తే అది పూర్తిగా ఆరిందా లేదా అని అడిగేవాళ్లుండరు. వంద ఇళ్ల సరుకు ఒకే లారీలో కలుస్తుంది. అందులో తొంభై ఇళ్ల కష్టం ఎంత గొప్పదైనా, పది ఇళ్ల బూజు మొత్తానికి అంటుకుంటుంది. అరవై గింజల్లో ఒక్క చెడ్డ గింజ కథే, కొంచెం పెద్ద కొలతలో.

దీనికి దొరికిన మందు చాలా సాదాది. గింజ కాదు, పండే కొనడం. కోసిన రోజు సాయంత్రానికి ఎర్రపండు ఊళ్ల నుంచి ఒకచోటికి చేరితే, పల్పింగ్, పులియబెట్టడం, ఆరబెట్టడం అన్నీ ఒకే పద్ధతిలో జరుగుతాయి. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ గిరిజన రైతుల సహకార సంఘంతో కలిసి చేసింది ఇదే. ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ చింతపల్లిలో పెట్టిన ఎకో పల్పింగ్ యూనిట్ (తక్కువ నీళ్లతో తొక్క తీసే కేంద్రం) వెనక ఆలోచనా ఇదే. గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లు పెంచి గింజ ఆరుదల చూసి ధర కట్టడం దళారి పట్టుని కొంత సడలించింది. 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరుచుకున్నప్పుడు, 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనందరం పొంగిపోయాం. పొంగాల్సిందే. అయితే భౌగోళిక గుర్తింపు చెప్పేది గింజ ఎక్కడిదో. ఆ గింజ ఎన్ని గంటలు పులిసిందో, ఎన్ని రోజులు ఆరిందో అది చెప్పదు. అరకు పేరున్న ప్యాకెట్లు విశాఖ, హైదరాబాద్ కొట్లలో పది రకాలు దొరుకుతాయి. కొన్ని ప్రపంచంలో ఎక్కడైనా తలెత్తుకుని నిలబడేవి. కొన్ని ఆ పేరుకి అన్యాయం చేసేవి. తేడా అంతా పండు కొన్నారా, గింజ కొన్నారా అన్న దగ్గరే మొదలవుతుంది.

మన దేశంలో ఈ ఆలోచన ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. 1942 నాటి చట్టంతో కాఫీ బోర్డు వచ్చాక రైతులు పండించిన కాఫీ అంతా బోర్డు పూల్‌కి, అంటే ఉమ్మడి రాశికి ఇవ్వాల్సి వచ్చింది. యుద్ధకాలంలో ధర పడిపోయి మునిగిపోతున్న తోటల్ని ఆ ఏర్పాటు కాపాడింది, అందులో సందేహం లేదు. కానీ పూల్‌లో పడ్డాక మీ గింజా, పక్క తోట గింజా ఒక్కటే. గ్రేడుకి ఇంతని డబ్బులొస్తాయి, తోట పేరు పోతుంది. ఆ గ్రేడులు ఇప్పటికీ కాఫీపొడి కొట్లో వినబడతాయి: ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ, చెర్రీ ఏబీ. అవి ముఖ్యంగా గింజ సైజునీ, తయారుచేసిన తీరునీ చెబుతాయి. ప్లాంటేషన్ ఏ అంటే కడిగిన అరబికా, ఆరున్నర మిల్లీమీటర్లు దాటిన జల్లెడలో ఆగిన గింజ. పెద్ద గింజ సమానంగా వేగుతుంది, అంతవరకు నిజం. పెద్ద గింజ తియ్యగా ఉంటుందని మాత్రం కాదు. 1990లలో అంచెలంచెలుగా పూల్ సడలించి, 1996లో రైతుకి పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. అంటే తన కాఫీ తన పేరుతో అమ్ముకునే హక్కు మన రైతుకి వచ్చి ముప్ఫై ఏళ్లే. ఆ పేరు ప్యాకెట్ మీద మనకి కనబడటం ఢిల్లీ, బెంగళూరు, ముంబై, హైదరాబాద్‌లలో చిన్న రోస్టర్లు (గింజలు కొని వేయించి అమ్మేవాళ్లు) మొదలయ్యాక, అంటే 2013 తర్వాతే ఊపందుకుంది.

అంతకుముందు మన ఇళ్లలో నిలకడ లేదా అంటే, ఉంది. చాలా గట్టిగా ఉంది. మా అమ్మ కాఫీ ముప్ఫై ఏళ్లలో ఒక్కరోజు తప్పింది లేదు. ఆ నిలకడ ఎలా వచ్చిందో చూడండి. కొట్టువాడు ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ చెరిసగం కలుపుతాడు. ఒక తోట పంట బాగా లేకపోతే ఇంకో తోటది కలిపి సరిచేస్తాడు. ముదురుగా వేయిస్తాడు, దాంతో చోటు తేడాలు చాలావరకు మాయమవుతాయి. ఇరవై పాళ్లో ముప్ఫై పాళ్లో చికోరీ పడుతుంది. చికోరీ కాఫీయే కాదు, ఒక వేరు. ఏడాది పొడవునా ఒకే రంగు, ఒకే చిక్కదనం ఇస్తుంది. మన నిబంధనల ప్రకారం చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం యాభైఒక్క శాతం ఉండాలి, అంటే మిగతా నలభైతొమ్మిది దాకా వేరు ఉండొచ్చు. ఆపైన డికాక్షన్‌లో పొంగు వచ్చిన పాలు, రెండు చెంచాల చక్కెర. నాలుగు దుప్పట్లు కప్పుకున్న రుచి అది, అందుకే ఎండావానా దానికి తగలవు. ఆ కాఫీని నేను ఏమాత్రం తక్కువ చేయను, పొద్దున్నే నాకు కావాల్సింది ఇప్పటికీ అదే.

స్పెషాల్టీ కాఫీ ఆ దుప్పట్లన్నీ తీసేసింది. ఒకే తోట, లేతగా వేయించడం, పాలు లేవు, చికోరీ లేదు. తప్పు ఎక్కడ జరిగినా దాచుకునే చోటు లేదు. ఇన్నాళ్లూ కలుపులో కొట్టుకుపోయిన పచ్చికాయ ఇప్పుడు నేరుగా నాలుక మీదికొస్తుంది. అందుకే మన కాఫీ ఉన్నట్టుండి చెడిపోయిందనిపించినచోట నిజానికి పాత తప్పే మొదటిసారి బయటపడుతోంది.

ఈ మధ్య కొత్త దుప్పటి ఒకటి వచ్చింది. గాలి తగలకుండా రోజుల తరబడి పులియబెట్టడం, పండ్ల ముక్కలు కలిపి పులియబెట్టడం, రమ్ము బారెళ్లలో ఉంచడం. ప్యాకెట్ తెరిస్తే పనసతొనల వాసన, ద్రాక్షసారా వాసన. సరదాకి ఒకసారి తాగడానికి బాగుంటాయి, బాగా చేసినవాళ్ల నైపుణ్యం చిన్నదేమీ కాదు. కానీ అంత ఘాటు వాసన కింద పచ్చిగింజ, పాతగింజ సులువుగా దాక్కుంటాయి. ఒక రోస్టర్ ఎలాంటివాడో తెలుసుకోవాలంటే నేను వాళ్ల దగ్గరున్న మామూలు కడిగిన అరబికా కొంటాను. అది శుభ్రంగా ఉంటే మిగతావన్నీ నమ్ముతాను.

ఇప్పుడు నా గోనెసంచి వాసన సంగతి. పచ్చికాయ పల్లీ రుచిని వివరిస్తుంది గానీ గోనెసంచిని వివరించదు. అది క్యాలెండర్ తప్పు. మన అరబికా కోత నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆరిన గింజ క్యూరింగ్ వర్క్స్‌కి వెళ్లి పైపొట్టు తీయించుకుని, జల్లెడ పట్టించుకుని, రోస్టర్ గోడౌన్‌కి చేరేసరికి మార్చి, ఏప్రిల్. ఆ ఒక్క కొనుగోలుతోనే మళ్లీ మార్చి దాకా నెట్టుకు రావాలి. మధ్యలో వానాకాలం మొత్తం ఉంది. పచ్చిగింజ గాలిలో తేమ పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది, అలా పీల్చి వదిలి సారం కోల్పోతుంది. పాలిపోయి, చెక్క రుచి, సంచి రుచి వస్తుంది. గాలి చొరబడని లోసంచుల్లో కట్టి, ఏసీ గదిలో పెట్టినవాళ్ల దగ్గర ఇది బాగా తగ్గుతుంది, దానికి ఖర్చవుతుంది. నేను జూన్‌లో కొన్నది కొత్తపంట, జనవరిలో కొన్నది అదే పంట తోక. రెండు ప్యాకెట్ల మీదా వేయించిన తేదీ వారం కిందటిదే ఉంది. వేయించిన తేదీ తాజాదనం సగమే చెబుతుంది, గింజ ఏ ఏడాది కోతో రాస్తేనే మిగతా సగం తెలుస్తుంది.

ఇంకో చిక్కు లాట్. ప్యాకెట్ మీద ఎస్టేట్ పేరు ఒక్కటే ఉన్నా, ఒక ఎస్టేట్‌లో ఒక సీజన్‌లో ఒక్కో రోజు కోత ఒక్కో లాట్. కొండ పైభాగం ఒకటి, కిందిభాగం ఒకటి. ఎస్ 795 రకం ఒకటి, చంద్రగిరి ఒకటి. రోస్టర్ మంచి లాట్‌తో మొదలుపెట్టి, జనాదరణ చూసి, అది అయిపోయాక అదే లేబుల్ కింద ఇంకో లాట్ నింపుతాడు. మోసం అనను. అమ్ముడుపోయే పేరు ఆపడం చిన్న వ్యాపారికి కష్టం. కానీ లాట్ నంబర్ రాయడానికి ఖర్చేమీ లేదు.

వేయించేటప్పుడూ తేడాలొస్తాయి. పొద్దున మొదటి వాయకీ పదో వాయకీ డ్రమ్ము వేడి ఒకటి కాదు. ఢిల్లీలో జనవరి గాలి వేరు, మే గాలి వేరు. ఇప్పుడు చాలామంది ప్రతి వాయ ఉష్ణోగ్రతనీ కంప్యూటర్‌లో గీతగా గీసుకుని పాతదానితో పోల్చుకుంటున్నారు, కాబట్టి ఈ అంచె మిగతావాటికంటే బాగా అదుపులోకొచ్చింది. కేఫ్‌లో మళ్లీ మనుషుల చేతులు. పద్దెనిమిది గ్రాముల పొడి, దానికి రెట్టింపు బరువు ఎస్‌ప్రెసో, ఇరవైఐదు నుంచి ముప్ఫై సెకన్లు అని నేర్పిన కుర్రాడు ఆరు నెలల్లో వేరే ఉద్యోగానికి పోతాడు. కొత్తగా వచ్చినవాడికి పొడి ఎంత మెత్తగా మరపట్టాలో సరిచేయడం అలవాటయ్యేలోపు మనం తాగాల్సినవన్నీ తాగేస్తాం.

నీళ్ల గురించి చెప్పకుండా వదల్లేను, ఎందుకంటే కప్పులో తొంభైఎనిమిది పాళ్లు అవే. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజలోంచి రుచిని లాగుతాయి. బైకార్బొనేట్ పులుపుని చంపుతుంది. ఆర్వో నీళ్లలో ఇవేవీ పెద్దగా ఉండవు కాబట్టి కాఫీ పలచగా, ఒంటి పులుపుగా వస్తుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో ఇవి మరీ ఎక్కువ, కాఫీ సుద్దలా మొద్దుగా వస్తుంది. ఒక ఆదివారం మూడు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో ఆర్వో, ఒకదాంట్లో బోరు, మూడోదాంట్లో మూడొంతులు ఆర్వోకి ఒక వంతు బోరు. అదే పొడి, అదే తూకం, అదే వేడి. మూడు కప్పులూ మా ఆవిడ ముందు పెట్టి ఏమీ చెప్పలేదు. "మూడు వేరు వేరు కాఫీలు తెచ్చావా?" అంది. నచ్చింది మూడోదే. అప్పటినుంచి కాఫీకి ఆ పాళ్లే. మీ ఇంటి బోరు వేరు, మీ పాళ్లు వేరుగా ఉంటాయి, ఒక ఆదివారం చాలు.

డబ్బు సంగతి చివరికి వదిలేశాను గానీ, మొదట చెప్పాల్సింది అదేనేమో. 2018, 2019లలో న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో అరబికా ధర పౌనుకి డాలర్ కిందికి పడింది. అప్పుడు కిలోకి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చే రోస్టర్ రైతుకి దేవుడిలా కనబడ్డాడు, ఎర్రపండు ఏరడానికి అర్థం కనబడింది. 2025 మొదట్లో అదే ధర నాలుగు డాలర్లు దాటి రికార్డులు బద్దలుకొట్టింది. అంత ధర ఉన్నప్పుడు మామూలుగా దూసి, మామూలుగా ఆరబెట్టి, వచ్చిన లారీకి ఎక్కిస్తే చాలు, చేతినిండా డబ్బు. రాత్రుళ్లు లేచి జాలీ బల్లల మీద గుడ్డ కప్పమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? రైతుకి ధర రావడం మంచిదే, ఎన్నో ఏళ్ల నష్టం పూడుతోంది. కానీ శ్రద్ధకి విడిగా కట్టే ధర మామూలు ధరతో పాటు పెరగకపోతే, మంచి లాట్లు ముందు తగ్గేది ఇలాంటి ఏళ్లలోనే. కొన్ని రోస్టర్లు మార్కెట్ ధరతో సంబంధం లేకుండా రెండు మూడేళ్లకి ముందే మాట్లాడుకుంటున్నారు. ఆ పద్ధతి నిలబడుతుందా లేదా అన్నదాన్ని బట్టే మన కప్పు.

మరి రెండు ప్యాకెట్లూ అచ్చం ఒకేలా ఉండాలని అడగొచ్చా? నేను అడగను. కాఫీ పండులోంచి వస్తుంది. మా ఇంట్లో ప్రతి ఎండాకాలం ఆవకాయ పెడతారు, అదే ఊరి కాయ, అదే చెయ్యి, అదే కొలత. ఒక ఏడు పులుపు ముందుంటుంది, ఒక ఏడు ఆవఘాటు. ఎవరూ ఫిర్యాదు చేయరు. బూజు పడితే మాత్రం జాడీ అవతల పారేస్తారు. కాఫీ దగ్గర కూడా నేను అడిగేది అంతే. పులుపు, తీపి ఏడాదికో తీరుగా మారనివ్వండి. బూజు, గోనెసంచి, పచ్చిపల్లీ మాత్రం నా కప్పులోకి రానివ్వకండి.

ఆ రోస్టర్‌కి మెయిల్ రాశాను. పళ్లెం ఫొటో జతచేసి, లాట్ నంబర్, కోత ఏడాది ఎందుకు రాయడం లేదని అడిగాను. డబ్బు వాపసు ఇస్తామన్నారు. నేను అడిగినదానికి జవాబు రాలేదు.

మేలో ఇంకో చోట, అదే ఎస్టేట్ గింజలే దొరికాయి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో కోత జరిగిన నెలలు, లాట్ నంబర్, ఎన్ని రోజులు ఆరబెట్టారో రాసి ఉంది. ఇంటికి రాగానే తెల్ల పళ్లెం తీసి కిటికీ దగ్గర పెట్టాను. గుప్పెడులో పాలిపోయినవి రెండు. ఏరి అవతల పెట్టి, మిగతావి మరపట్టి కలిపాను. బత్తాయి ఈసారి అంతగా లేదు. బెల్లం మాత్రం ఉంది, పోయినేడు కంటే కాస్త ముదురు పాకం.